తోడుంటే నడక

చదివే ముందు మాట్లాడుకుందాం

అక్కలారా, అమ్మలారా!
మీ ఊళ్లో కాలు గానీ చెయ్యి గానీ పోయినవాళ్లు ఎంతమంది ఉన్నారు?
వాళ్లలో ఆడవాళ్లు ఎంతమంది?
వాళ్లను మీరు చివరిసారి ఎక్కడ చూశారు? వీధిలోనా? చేనులోనా? ఇంటి గడప లోపలా?
ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకున్నాక పాఠం మొదలుపెట్టండి.

1. ఒక అక్క సంగతి

ఆలూరు పక్కన ఒక పల్లె ఉంది అనుకుందాం. ఆ పల్లెలో ఒక అక్క ఉంది అనుకుందాం. ఆమెకు పేరు పెట్టవద్దు. ఎందుకంటే ఆమె ఏ ఊళ్లోనైనా ఉండవచ్చు. ఆస్పరిలో ఉండవచ్చు. హొళగుందలో ఉండవచ్చు. మీ వీధిలోనే ఉండవచ్చు.

వానలు సరిగా పడలేదు. పత్తి చేతికి రాలేదు. సంక్రాంతి దాటాక ఇంటికి తాళం వేసి మొగుడూ పెళ్లాం సుగ్గికి పోయారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయారు. పిల్లను అవ్వ దగ్గర విడిచిపెట్టారు.

ఒకరోజు సాయంత్రం కూలీలు ట్రాక్టరులో తిరిగి వస్తున్నారు. ట్రాలీ బోల్తా పడింది. అక్క కాలు ట్రాలీ కింద నలిగింది. ఆసుపత్రిలో ఎంతో చూశారు. కాలు దక్కలేదు. మోకాలి కింద తీసేశారు.

అక్క ఇంటికి వచ్చింది. చూడడానికి ఊరంతా వచ్చింది. "అయ్యో" అన్నారు. "రాత" అన్నారు. పండ్లు ఇచ్చారు. పోయారు.

నెల తిరిగింది. రావడం తగ్గింది. బిందె ఎత్తుకోవడానికి, పొయ్యి ముట్టించడానికి ఇంట్లో ఇంకో మనిషి కావాలి. ఏడో తరగతి చదువుతున్న కూతురు బడి మానేసింది.

చూశారా? పోయింది ఒకరి కాలు. ఆగింది ఇద్దరి నడక. తల్లి వీధిలోకి రాలేదు. బిడ్డ బడికి పోలేదు.

ఈ పాఠం ఆ ఇద్దరి గురించి. వాళ్లను మళ్లీ నడిపించడానికి ఊరు ఏమి చేయగలదో చదువుదాం.

2. కాళ్లు ఎందుకు పోతాయి?

ప్రమాదాలలో కాళ్లు పోతాయి. రోడ్డు మీద, రైలు పట్టాల మీద పోతాయి. నూర్పిడి మిషన్లలో, జిన్నింగు మిల్లుల్లో చేతులు పోతాయి. చీర కొంగు, వదులు జడ మిషన్ దగ్గర ప్రమాదం. కొంగు బిగించి దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి.

కానీ ప్రమాదం లేకుండా పోయే కాళ్లు కూడా చాలా ఉన్నాయి. అవి మనం కాపాడుకోగలిగిన కాళ్లు. నాలుగు సంగతులు గుర్తు పెట్టుకోండి.

ఒకటి: షుగరు జబ్బు. షుగరు ఎక్కువ రోజులు ఉంటే పాదాలకు స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పొక్కు లేచినా నొప్పి ఉండదు. నొప్పి లేదని ఊరుకుంటాం. లోపల చీము పడుతుంది. పుండు ఎముక దాకా పోతుంది. అందుకే షుగరు ఉన్నవాళ్లు రోజూ రాత్రి పాదాలు చూసుకోవాలి. వేళ్ల సందులు చూసుకోవాలి. చేనుకు పోయినా చెప్పులు వేసుకోవాలి. చిన్న పుండు కనబడినా ఆసుపత్రికి పోవాలి. ఆలస్యం అమృతం విషం అని పెద్దలు ఊరికే అనలేదు.

రెండు: బిగుతు కట్టు. చెయ్యో కాలో విరిగితే కట్టు కడతారు. సిమెంటు కట్టు కావచ్చు. బద్దల కట్టు కావచ్చు. కట్టు మరీ బిగిస్తే నెత్తురు పారదు. నెత్తురు పారకపోతే వేళ్లు నల్లబడతాయి. తరువాత కుళ్లుతాయి. కట్టు కట్టిన రోజు, మరుసటి రోజు వేళ్లను చూస్తూ ఉండాలి. వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, నొప్పి గంట గంటకూ పెరిగినా తెల్లవారే దాకా ఆగవద్దు. అప్పుడే ఆసుపత్రికి పోవాలి.

మూడు: పాము కాటు. పాము కరిస్తే పైన తాడుతో గట్టిగా బిగించడం మన ఊళ్లలో అలవాటు. అది తప్పు. తాడు విషాన్ని ఆపదు. నెత్తురును ఆపి కాలును చంపుతుంది. కరిచిన చోట కోయవద్దు. నోటితో పీల్చవద్దు. కాలు కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. విషానికి మందు సూదిలోనే ఉంది.

నాలుగు: బీడీ, సిగరెట్టు. పొగ తాగితే ఊపిరితిత్తులే పాడవుతాయి అనుకుంటాం. కాళ్ల రక్తనాళాలు కూడా మూసుకుపోతాయి. నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. వేళ్లు నల్లబడతాయి. ఈ మాట ఇంట్లో మగవాళ్లకు చదివి వినిపించండి.

3. కాలు తీసిన తరువాత

మన అక్కకు కుట్లు విప్పారు. గాయం మానింది. కానీ రాత్రి పూట ఆమె కేక పెడుతుంది. "నా పాదం మండుతా ఉంది" అంటుంది. పాదం ఏది? లేదు కదా! అత్త భయపడింది. "గాలి సోకినాది" అంది. తాయెత్తు కట్టించింది.

ఇది గాలి కాదు. దయ్యం కాదు. అక్క నాటకం ఆడడం లేదు. ఆమెకు పిచ్చి పట్టలేదు. కాలు తీసినవాళ్లలో చాలామందికి ఇలా ఉంటుంది. కాలు పోయినా మెదడులో ఆ కాలి లెక్క ఉంటుంది. కాలికి పోయే నరాలు ఇంకా పని చేస్తుంటాయి. అందుకే లేని పాదం మండినట్టు, లేని వేలు దురద పెట్టినట్టు ఉంటుంది. చాలామందికి రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది. మిగిలిన కాలిని మెల్లగా రుద్దితే కొందరికి హాయిగా ఉంటుంది. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి. దీనికి మందులు ఉన్నాయి.

మిగిలిన కాలిని జాగ్రత్తగా చూసుకోవాలి. రేపు పెట్టుడు కాలు దాని మీదే నిలుస్తుంది.

• రోజూ సాయంత్రం సబ్బుతో, నీళ్లతో కడగాలి. మెత్తని గుడ్డతో తడి లేకుండా తుడవాలి.
• కాలి చివర కింది భాగం మనకు కనబడదు. చిన్న అద్దం పెట్టి చూసుకోవాలి.
• డాక్టరు చెప్పినట్టు సాగే పట్టీ చుట్టాలి. వాపు తగ్గుతుంది. కాలు సరైన ఆకారానికి వస్తుంది.
• మోకాలి కింద దిండు పెట్టవద్దు. పెడితే హాయిగానే ఉంటుంది. కానీ మోకాలు వంగి బిగుసుకుపోతుంది. అప్పుడు పెట్టుడు కాలు వేసుకోవడం కష్టం.
• రోజూ కాసేపు బోర్లా పడుకోవాలి. తొడ బిగుసుకుపోకుండా ఉంటుంది.

ఈ పనులకు డబ్బు అక్కరలేదు. కానీ ఒక మనిషి తోడు కావాలి. పట్టీ చుట్టడానికి, అద్దం పట్టుకోవడానికి, ధైర్యం చెప్పడానికి.

4. జైపూరు కాలు

పెట్టుడు కాలు అంటే పూర్వం బూటుతో ఉండేది. అది గట్టిగా ఉండేది. దానితో కింద కూర్చోవడం వీలు కాదు. బురదలో నడవడం వీలు కాదు. మరి మనం? నేల మీద కూర్చుని రొట్టె చేస్తాం. చెప్పులు విడిచి ఇంట్లోకి పోతాం. తడి చేనులో దిగుతాం. బూటు కాలు మనకు పనికి రాదు.

ఈ కష్టం రాజస్థాన్ రాష్ట్రంలో జైపూరు నగరంలో ఇద్దరికి అర్థమయింది. ఒకరు డాక్టర్ పి.కె. సేథీ. ఆయన పెద్ద ఆసుపత్రిలో ఎముకల డాక్టరు. ఇంకొకరు రామచంద్ర శర్మ. ఆయన చేతిపనివాడు. పెద్దగా చదువుకోలేదు. కానీ చేతిలో గొప్ప పని ఉంది. ఒకసారి సైకిలు టైరు బాగు చేసే చోట రబ్బరును చూసి ఆయనకు ఆలోచన వచ్చిందని చెబుతారు. రబ్బరుతో పాదం ఎందుకు చేయకూడదు?

1968లో ఆ పాదం తయారయింది. లోపల కొయ్య ముక్క, మెత్తని రబ్బరు. పైన మన చర్మం రంగు రబ్బరు. చూడడానికి నిజం పాదం లాగే ఉంటుంది. వేళ్లు కూడా ఉంటాయి. ఆ పాదంతో ఉత్త కాళ్లతో నడవవచ్చు. గొంతుకు కూర్చోవచ్చు. నీళ్లలో, బురదలో దిగవచ్చు. చెట్టు కూడా ఎక్కవచ్చు. దానికే జైపూరు కాలు అని పేరు వచ్చింది.

డాక్టరు చదువు, పనివాని చెయ్యి కలిశాయి. అందుకే అది మన నేలకు సరిపోయింది.

1975లో జైపూరులోనే డి.ఆర్. మెహతా అనే అధికారి భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి అనే సంస్థను పెట్టారు. ఆ సంస్థ పెట్టుడు కాళ్లను ఉచితంగా ఇస్తుంది. ఇప్పటికి లక్షల మందికి కాళ్లు, కర్రలు, మూడు చక్రాల బండ్లు ఇచ్చింది. యుద్ధాలలో కాళ్లు పోయిన ఇతర దేశాలవారికి కూడా ఈ కాళ్లు అందాయి.

మనకు దగ్గరలో కూడా చోట్లు ఉన్నాయి. తిరుపతిలో దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రి ఉంది. అక్కడ ఎముకల జబ్బులకు వైద్యం చేస్తారు. కృత్రిమ కాళ్లు కూడా ఇస్తారు. కేంద్ర ప్రభుత్వానికి కాన్పూరులో ఆలింకో అనే కర్మాగారం ఉంది. అది 1972లో ఏర్పడింది. అక్కడ తయారైన సామాను బీదవారికి శిబిరాలు పెట్టి ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడు, ఎక్కడ అన్నది నోటీసు బోర్డు మీద రాస్తారు. ఇప్పుడు మీరు ఆ బోర్డు చదవగలరు.

5. మయూరి సినిమా గుర్తుందా?

కొందరు చూసే ఉంటారు. 1985లో వచ్చిన తెలుగు సినిమా. సింగీతం శ్రీనివాసరావు తీశారు. కాలు పోయిన నాట్యకత్తె మళ్లీ నాట్యం చేయడం ఆ కథ.

అది కట్టుకథ కాదు. సుధాచంద్రన్ అనే అమ్మాయికి నిజంగా జరిగింది. సినిమాలో ఆ వేషం వేసింది కూడా ఆమే. 1981లో ఆమె తమిళనాడులో బస్సులో పోతుంటే ప్రమాదం జరిగింది. చీలమండ దగ్గర గాయం కుళ్లింది. కుడి కాలు మోకాలి కింద తీసేశారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

ఆమె జైపూరు కాలు పెట్టించుకుంది. మొదట నిలబడడం నేర్చుకుంది. తరువాత నడక. తరువాత నాట్యం. పుండ్లు పడ్డాయి. నెత్తురు వచ్చింది. 1984లో బొంబాయిలో మళ్లీ వేదిక ఎక్కి నాట్యం చేసింది.

ఈ కథ వినగానే "ఆమెకు ఎంత పట్టుదల!" అంటాం. నిజమే. కానీ ఇంకొకటి కూడా చూడండి. తల్లిదండ్రులు పక్కన ఉన్నారు. కాలు చేసినవారు ఆమె మాట విన్నారు. ఆమె మళ్లీ వేదిక ఎక్కడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. మూడేళ్లూ ఆమె ఒంటరిగా లేదు.

6. కాలు మూలన ఎందుకు పడింది?

మన అక్క దగ్గరికి వద్దాం. ఆమెకు కూడా శిబిరంలో కాలు ఇచ్చారు. కానీ అది గోడకు ఆనించి ఉంది. దాని మీద దుమ్ము ఉంది. ఒకరోజు పొదుపు సంఘం సమావేశంలో మాట వచ్చింది.

పెద్దమ్మ: ఆ పిల్ల కిస్తీ కట్టేకి కూడా రాలేదు. బిడ్డ చేత పంపినాది.

వదిన: ఎట్ల వస్తాది పెద్దమ్మా? ఇంట్లోనే ఉండాది పాపం.

పెద్దమ్మ: కాలు ఇచ్చినారంట కదా?

వదిన: ఇచ్చినారు. మూలన పెట్టినాది. ఏసుకుంటే నొస్తాదంట.

టీచరు: ఎందుకు నొస్తాదో ఎవరైనా అడిగినారా?

ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం నలుగురు పోయి అడిగారు. అక్క మొదట మాట్లాడలేదు. తరువాత ఒక్కొక్కటే చెప్పింది.

"కాలు ఇచ్చినప్పుడు బిగుతుగా ఉన్నింది. ఇప్పుడు వదులైంది. రాసుకొని పుండు పడతాది."

"బాత్‌రూం గుంటలాగా ఉంది. కూర్చుంటే లేవలేను. అందుకే నీళ్లు తాగను. అన్నం తక్కువ తింటాను."

"గడప ఎత్తు. వీధిలో కాలువ మీద రాయి లేదు."

"పోయిన నెల బయటికి వచ్చినాను. పిల్లోళ్లు వెనకాల కుంటుకుంటా నడిచినారు. పెద్దోళ్లు నవ్వినారు."

వినండి. ఇందులో ఎన్ని కష్టాలు కాలివి? ఒక్కటే. కాలు వదులు కావడం. మిగిలినవన్నీ ఇంటివి, వీధివి, మనవి.

కాలు వదులు కావడం కూడా మామూలే. వాపు తగ్గాక కాలు సన్నబడుతుంది. అప్పుడు మందం మేజోడు వేసుకోవాలి. చాలకపోతే ఇచ్చిన చోటికే తీసుకుపోయి సరి చేయించాలి. పుండు ఉంటే మానేదాకా పెట్టుడు కాలు వేసుకోవద్దు. చెప్పు అరిగితే మార్చుకుంటాం కదా! పెట్టుడు కాలు కూడా అరుగుతుంది. కొన్నేళ్లకు మార్చుకోవాలి.

7. సంఘం ఏమి చేసింది?

సంఘం వాళ్లు పనులు పంచుకున్నారు.

మొదటి పని: బిందెలు. కొళాయి దగ్గర రోజుకొకరు అక్క ఇంటికి రెండు బిందెలు పోయాలి. కూతురు మళ్లీ బడికి పోవాలి. ఈ పని మరుసటి రోజే మొదలయింది.

రెండో పని: బాత్‌రూం. పాత కుర్చీ మధ్యలో కోసి కూర్చునే పీట చేశారు. గోడకు పట్టుకునే ఇనుప కడ్డీ బిగించారు. ఊరి మేస్త్రీ ఒక పూటలో చేశాడు.

మూడో పని: దారి. గడప దగ్గర వాలుగా సిమెంటు వేశారు. వీధి కాలువ మీద బండ పరిచారు. ఆ బండ మీద ఇప్పుడు అవ్వలు కూడా నడుస్తున్నారు. నిండు గర్భిణి నడుస్తోంది. ఒకరి కోసం వేసిన బండ పదిమందికి పనికి వచ్చింది.

నాలుగో పని: ప్రయాణం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కానీ బస్సు మెట్టు ఎత్తు. మెట్టు ఎక్కించడానికి ఒకరు తోడు కావాలి. కాలు సరి చేయించడానికి అక్క వెంట ఇద్దరు పోయారు.

ఐదో పని: బతుకు తెరువు. కాలు పోయినా చేతులు ఉన్నాయి. ఎమ్మిగనూరు నేత ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. గుంట మగ్గానికి కాళ్లతో తొక్కాలి. కానీ కండెలు చుట్టడానికి కూర్చుంటే చాలు. కుట్టు మిషనుకు మోటారు పెడితే కాలితో తొక్కే పని లేదు. అక్క కుట్టు నేర్చుకుంటాను అంది. సంఘం అప్పు ఇచ్చింది. జాలి పడి ఇవ్వలేదు. కిస్తీ కడుతుందని నమ్మి ఇచ్చింది.

ఇలాంటి సంఘాలు మన రాష్ట్రంలో కొత్త కాదు. అనంతపురం జిల్లాలో ఫాదర్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్.డి.టి. సంస్థ పల్లెల్లో వికలాంగుల సంఘాలు ఏర్పాటు చేసింది. 2000లో ప్రభుత్వం వెలుగు పథకం మొదలుపెట్టింది. అందులో పొదుపు సంఘాలతో పాటు వికలాంగులకు వేరే సంఘాలు కూడా వచ్చాయి. ఊరి సంఘాలు కలిసి మండల సమాఖ్య అయ్యాయి.

సంఘం అంటే ఏమి? నెలకు ఒకసారి ఒక చోట కూర్చోవడం. "నీకు పుండు పడిందా? నాకూ పడింది. నేను ఇట్ల చేసినాను" అని చెప్పుకోవడం. ఈ మాట డాక్టరు చెప్పడం వేరు. కాలు పోయిన ఇంకో ఆడమనిషి చెప్పడం వేరు. మీ ఊళ్లో ఇద్దరే ఉంటే పక్క ఊరివాళ్లను కలుపుకోండి.

చదువుకున్న ఆడవాళ్లు కూడితే ఏమవుతుందో మనకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద కదిలారు. వాళ్లలో చాలామంది అక్షర కేంద్రంలో చదువు నేర్చినవాళ్లు. పాఠం చదివారు, మాట్లాడుకున్నారు, కదిలారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. సారాను ఆపిన చేతులకు కాలువ మీద బండ వేయడం ఎంత పని!

8. మాట కూడా గాయం చేస్తుంది

"కుంటిది" అంటాం. "అవిటిది" అంటాం. పేరు ఉండగా ఈ మాటలు ఎందుకు? ఆమె ఎవరి అక్కో, ఎవరి వదినో. అలాగే పిలవండి.

ప్రభుత్వం కాగితాల మీద ఇప్పుడు దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని రాస్తారు. వికలాంగులు అనే మాట కూడా వాడుకలో ఉంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఒక మాట గట్టిగా చెబుతోంది. నలుగురిలో అవమానించాలని వికలాంగులను కావాలని తిడితే, బెదిరిస్తే జైలు శిక్ష ఉంది. ఆరు నెలలకు తక్కువ కాకుండా, ఐదేళ్ల వరకు.

చట్టం అవసరం రాకుండా చూసుకోవడం మన పని. పిల్లలు వెనక కుంటుతూ నడిస్తే వారించండి. పెళ్లికి, పేరంటానికి అక్కను పిలవండి. "ఎట్ల వస్తాదిలే" అని మీరే అనుకోవద్దు. పిలవండి. రావడం, రాకపోవడం ఆమె ఇష్టం.

9. కాగితాలు

కాలు పోయినవాళ్లకు ముందు కావలసింది సర్టిఫికెట్టు. మన రాష్ట్రంలో దానిని సదరం సర్టిఫికెట్టు అంటారు. సచివాలయంలో గానీ మీ-సేవలో గానీ ఆధార్ కార్డు చూపి తేదీ తీసుకోవాలి. ఆ తేదీన ఆసుపత్రికి పోవాలి. డాక్టరు చూసి వైకల్యం ఎంత శాతం అని రాస్తారు. 40 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పింఛనుకు అడగవచ్చు.

వికలాంగుల పింఛను 2024 జూలైలో నెలకు 3000 రూపాయల నుంచి 6000 రూపాయలకు పెరిగింది. పింఛను అక్క చేతికే రావాలి. ఆ డబ్బు ఆమెది.

2025లో పింఛను తీసుకునే వికలాంగులను డాక్టర్లు మళ్లీ పరీక్షించారు. చాలామందికి నోటీసులు వచ్చాయి. నోటీసు వస్తే భయపడి మూల పెట్టవద్దు. చదవండి. మూడు సంగతులు చూడండి. పేరు సరిగ్గా ఉందా? శాతం ఎంత రాశారు? గడువు ఏ తేదీ? శాతం తప్పుగా రాశారని తోస్తే అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటితే కష్టం.

అర్జీ ఇలా రాయాలి.

గౌరవనీయులైన
సహాయ సంచాలకులు గారికి,
విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ, కర్నూలు.

అయ్యా / అమ్మా,
నా పేరు ............ . మాది ............ గ్రామం, ............ మండలం. నాకు మోకాలి కింద కాలు తీసేశారు. సదరం సర్టిఫికెట్టులో ............ శాతం అని ఉంది. నాకు ఇచ్చిన కృత్రిమ కాలు వదులైంది. దానిని సరి చేయించి గానీ, కొత్తది గానీ ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. సర్టిఫికెట్టు నకలు, ఆధార్ నకలు జత చేశాను.

ఇట్లు,
(సంతకం)
తేదీ: ............

అర్జీ రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇవ్వండి. రెండో దాని మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. సోమవారం కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. వేలిముద్ర వద్దు. సంతకం చేయండి.

10. కొత్త మాటలు

కృత్రిమ కాలు: పెట్టుడు కాలు
స్పర్శ: తాకితే తెలియడం
వైకల్యం: శరీరంలో ఒక భాగం లేకపోవడం, లేదా పని చేయకపోవడం
నకలు: కాగితానికి జిరాక్సు
అప్పీలు: మళ్లీ చూడమని అడగడం
గడువు: ఆఖరి తేదీ

11. చదవండి, చెప్పండి

1. పాము కరిస్తే తాడు ఎందుకు కట్టకూడదు?
2. కట్టు బిగుతు అయిందని ఎలా తెలుస్తుంది?
3. లేని పాదం మండడం గాలి సోకడమా? మీ మాటల్లో చెప్పండి.
4. జైపూరు కాలు బూటు కాలు కంటే మనకు ఎందుకు మేలు?
5. అక్క చెప్పిన కష్టాలలో ఊరు తీర్చగలిగినవి ఏవి?

12. లెక్క

మీ సంఘంలో 10 మంది ఉన్నారు. ఒక్కొక్కరు నెలకు 100 రూపాయలు పొదుపు చేస్తారు.
ఒక నెలకు ఎంత? .........
12 నెలలకు ఎంత? .........
అందులో 7500 రూపాయలు ఒక అక్క కుట్టు మిషనుకు అప్పు ఇచ్చారు. మిగిలింది ఎంత? .........
ఆమె నెలకు 500 రూపాయల చొప్పున అసలు కడితే ఎన్ని నెలలకు తీరుతుంది? .........

13. చేయండి

ఈ వారం ఇద్దరిద్దరు కలిసి మీ వీధిలో తిరగండి. కాలు పోయినవాళ్లు, కర్రతో నడిచేవాళ్లు ఉన్న ఇళ్లకు పోండి. "ఏమి కావాలి?" అని అడగండి. మీరే జవాబు చెప్పవద్దు. వాళ్లు చెప్పింది వినండి. విన్నది కింద రాయండి.

ఇల్లు ............
కష్టం ............
మనం చేయగలిగింది ............
ఎవరు చేస్తారు ............
ఎప్పటికి ............

వచ్చే సమావేశానికి ఈ కాగితం తెచ్చి గట్టిగా చదవండి. ఆ సమావేశానికి వాళ్లను కూడా తోడుకొని రండి.